మాస్టారి నవల నాకు నచ్చలేదు, వేదికెక్కి ఏం చెప్పను?

కోనసీమలో అంబాజీపేట దగ్గరి ఒక ఊరి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఇక్కడ ఇస్తున్నది దాని సారాంశం. మనిషిని పోల్చుకోవడానికి వీలిచ్చే వివరాలు కొన్ని మార్చాం.

ఆమెకు నలభై ఐదేళ్ళు. గోదావరి మధ్య లంకలో పుట్టి, ఏటిగట్టుకు ఇవతల ఉన్న ఊరికి కోడలిగా వచ్చారు. భర్తది కొబ్బరి వ్యాపారం. తోటల్లో కాయ కొని, దింపు తీయించి, ఒలిపించి కొంత పచ్చికాయగా అమ్ముతారు, కొంత కురిడీ (ఎండు కొబ్బరి) కోసం అటక మీద నిలవ పెడతారు. కూలీల లెక్క, కాయ లెక్క అంతా ఈమే చూస్తారు. ఇంటర్ పూర్తి కాకుండానే పెళ్ళయింది. కూతురు కాకినాడలో ఇంజనీరింగులో చేరాక ఇల్లు ఖాళీగా అనిపించి, శాఖా గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఒక పుస్తకం అవగానే తనకేమనిపించిందో పాత లెక్కల పుస్తకం వెనక పేజీల్లో రాసుకోవడం అలవాటైంది.

ఆ రాతల్లో కొన్ని ఉత్తరంలో ఎత్తి రాశారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' గురించి: "మా అమ్మమ్మ మాట్లాడినట్టే ఉంది. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పైకి చదివాను, ఇంకా బాగుంది." అడివి బాపిరాజు గారి నవల 'నారాయణరావు' గురించి: "కొత్తపేట పేరు చూసి, మనదే కదా అని తీశాను. వర్ణనలు ఎక్కువ. సగంలో ఆపాను. నారాయణరావు భార్య శారద మీద అందరికీ కోపం వస్తుందట, నాకు రాలేదు. చిన్నపిల్ల." పాలగుమ్మి పద్మరాజు గారి కథ 'గాలివాన' గురించి: "రావుగారి సంగతి తర్వాత. ఆ రాత్రి ఆయనకు తోడుగా ఉన్నది ఆ ముష్టి మనిషే కదా. తెల్లారేసరికి ఆవిడే పోయింది. ఆవిడ కథ ఆవిడ నోటితో వింటే ఎలా ఉండేదో అని రెండు రోజులు అదే ఆలోచన."

ఆ ఊళ్ళో పుస్తకాలు చదివేవాళ్ళు పది పన్నెండు మంది నెలకోసారి ఒకరింటి వరండాలో కూర్చుంటారు. ఈమె అక్కడ 'గాలివాన' గురించి ఈ చివరి మాటలే చెప్పారు. ఒక రిటైరైన లెక్చరర్ గారు మధ్యలోనే అందుకుని, "మీరు కథ చదివారు గానీ మీకు అర్థం కాలేదమ్మా. అది రావు పెట్టుకున్న నియమాలు కూలిపోయిన కథ, ముష్టిదాని కథ కాదు. అభిప్రాయం చెప్పడానిక్కూడా ఒక అర్హత ఉండాలి" అన్నారట. ఎవరూ మాట్లాడలేదు. ఈమె ఇంటికొచ్చి లెక్కల పుస్తకం బీరువాలో పెట్టేశారు. చదవడం మానలేదు, రాయడం మానేశారు.

ఇంతలో ఇంకొకటి వచ్చింది. హైస్కూల్లో తెలుగు చెప్పిన మాస్టారు, ఈమెకు చదవడం మీద ఇష్టం కలిగించిన మనిషి, రిటైరయ్యాక పెన్షన్ డబ్బులు కూడబెట్టి తన నవల అచ్చు వేయించుకున్నారు. నవంబరులో గ్రంథాలయ వారోత్సవాల్లో ఆవిష్కరణ. "పండితులు ఎలాగూ మాట్లాడతారు, మన ఊరి పాఠకురాలిగా నువ్వు పది నిమిషాలు మాట్లాడాలమ్మా" అని సంతకం చేసిన కాపీ పంపించారు. ఈమె చదివారు, నచ్చలేదు. మొదటి సగం కదలలేదట. కథానాయిక నోరు విప్పితే ఉపన్యాసమేనట. కానీ 1986 వరద గురించి రాసిన అధ్యాయం చదివి కన్నీళ్ళు ఆగలేదట. నీళ్ళు పెరట్లోకి వచ్చేసరికి రైతు పశువుల పలుపులు కోసి వదిలేస్తాడు. ఒక ఎద్దు మాత్రం ఎటూ పోకుండా కట్టుకొయ్య దగ్గరికే తిరిగొచ్చి నిలబడుతుంది. "మా నాన్న పలుపులు కోసిన కత్తి నాకు గుర్తుంది, అప్పుడు నాకు ఆరేళ్ళు" అని రాశారు.

"మాస్టారు పెద్దాయన, బాగుందని చెప్పి వచ్చెయ్, అసలు పదిమందిలో నీకెందుకు ఇదంతా" అంటున్నారట భర్త. కూతురేమో "నచ్చలేదంటే నచ్చలేదని చెప్పెయ్ అమ్మా, భయమెందుకు" అంటోంది. "మాస్టారి తమ్ముడి తోట కాయ కూడా మావాళ్ళే దింపుతారు" అని ఒక వాక్యం కూడా మధ్యలో ఉంది. చివరికి ఇలా అడిగారు: "టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదండి. నేను ఎంత చదివానని? నాలాంటిదానికి ఒక పుస్తకం గురించి మాట్లాడే హక్కు ఉందా? మాస్టారి దగ్గర అబద్ధం చెప్పనా, నిజం చెప్పి బాధపెట్టనా? అన్నట్టు, వేదిక మీద కాగితం చూసి చదవచ్చా?"

సమాధానం:

మీ ఉత్తరంలో నన్ను ముందుగా కలవరపెట్టింది మాస్టారి నవల కాదండీ, ఆ లెక్కల పుస్తకం బీరువాలోకి వెళ్ళిపోవడం. దాని గురించే ముందు మాట్లాడతాను. అక్కడ మనసు కుదుటపడితే నవంబరు సంగతి మీకే సగం తేలిపోతుంది.

లెక్చరర్ గారు అన్నదాంట్లో రెండు మాటలున్నాయి. ఒకటి కథ గురించి, ఒకటి మీ గురించి. రెండూ ఒకే గుక్కలో అనేసరికి మీకు ఒక్క దెబ్బగా తగిలింది. విడదీసి చూద్దాం.

కథ గురించి ఆయన చెప్పింది సరైనదే. 'గాలివాన' రావుగారి చుట్టూ అల్లిన కథ. జీవితాన్ని కొలతలేసుకుని, గీతలు గీసుకుని బతికే మనిషి ఒక తుఫాను రాత్రి ఆ గీతలన్నీ చెరిగిపోయి ఇంకో ప్రాణి వెచ్చదనం కోసం వెతుక్కోవడం అందులో అసలు సంగతి. అది చూడకుండా ఆ కథ చదివానంటే తక్కువ చదివినట్టే. అయితే మీరు చూడలేదా? "రావుగారి సంగతి తర్వాత" అని మీరే రాసుకున్నారు. అంటే చూశారు, పక్కన పెట్టి ఇంకోవైపు వెళ్ళారు. చిక్కెక్కడొచ్చిందంటే, సమావేశంలో ఆ మొదటి మాట వదిలేసి రెండోది మాత్రమే చెప్పారు. వినేవాళ్ళకు మీరు అసలు దారి ఎరగకుండా పక్కదారి పట్టినట్టు కనిపించింది. ఇకమీదట ఏ పుస్తకమైనా సరే, ఇది దేని గురించి అని మీరు అనుకుంటున్నారో ముందు రెండు వాక్యాల్లో చెప్పండి. ఆ తర్వాత మిమ్మల్ని పట్టుకున్నదేదో చెప్పండి. అప్పుడు మీతో ఒప్పుకోనివాళ్ళు ఉండొచ్చు గానీ మీకు అర్థం కాలేదని ఎవరూ అనలేరు.

మీ గురించి ఆయన అన్నది మాత్రం తప్పు. అర్హత అనే మాటే ఆ వరండాలో రాకూడదు. ఆ కథ రాసిన పద్మరాజు గారు పశ్చిమగోదావరి మనిషి. కాకినాడ కాలేజీలో ఆయన పాఠం చెప్పింది రసాయనశాస్త్రం, తెలుగు సాహిత్యం కాదు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నడిపిన ప్రపంచ కథల పోటీలో ఆ కథకు రెండో బహుమతి వచ్చింది. గోదావరి జిల్లాల గాలి ఎలా ఉంటుందో ఎరగని మనుషులు చదివి మెచ్చుకున్నారు. వాళ్ళకున్నది కథ, ఆ కథ ముందు కూర్చున్న మనసు, అంతే. మీకు అవి రెండూ ఉన్నాయి, పైగా 1996 నవంబరు 6 తుఫాను రాత్రి కూడా ఉంది. పదహారేళ్ళ పిల్లగా ఆ తుఫానులో కోనసీమలో ఉన్న మనిషి 'గాలివాన' చదివితే, రాత్రంతా పక్కన ఉన్న ప్రాణి తెల్లారేసరికి లేకపోవడం దగ్గర ఆగిపోదా? తుఫాను చూసినంత మాత్రాన కథ అంతా తెలిసిపోదు, నిజమే. కానీ ఆ కథలో ఎవరు ఎక్కువ పోగొట్టుకున్నారు అన్న ప్రశ్న మీరు వేసినంత సూటిగా ఆ వరండాలో ఇంకెవరూ వేయలేదు. అది మంచి ప్రశ్న. నేను మళ్ళీ ఆ కథ తీసి, ఈసారి ఆవిడ వైపు నుంచి చదివాను. ఎంత గలగలా మాట్లాడుతుందో, ఎంత తక్కువ దాచుకుంటుందో మొదటిసారి పట్టించుకున్నాను.

మాట్లాడే హక్కు ఉందా అని అడిగారు కాబట్టి ఇది కూడా చెబుతాను. "నాకు ఇలా అనిపించింది" అనడానికి నిజాయితీ ఒక్కటే చాలు. "ఈ పుస్తకం ఇలాంటిది" అంటే పేజీ తీసి చూపించగలగాలి. "ఈ రచయిత ఇలాంటివాడు" అనాలంటే ఆయనవి ఇంకా చాలా చదివుండాలి. మీ రాతలన్నీ మొదటి రకం. అక్కడక్కడా రెండోదానిలోకి అడుగు పెట్టారు. "వర్ణనలు ఎక్కువ" అన్నది అలాంటిదే. దానికి ఒక పేజీ చూపించండి, ఫలానా చోట నా కన్ను వరసలు దాటేసింది అని చెప్పండి, చాలు. సగంలో ఆపడం నేరమేమీ కాదు, ఎక్కడ ఆపారో చెబితే సరి. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీలో 'నారాయణరావు'కీ 'వేయిపడగలు'కీ కలిపి బహుమతి పంచారు. సాహిత్యం తెలిసిన న్యాయనిర్ణేతలే రెంటిలో ఒకటి తేల్చలేదు. శారద మీద కోపం రాలేదని మీరు రాసుకున్న ఒక్క వాక్యానికి ఎవరి అనుమతి కావాలి? నాకైతే ఆ నవల గురించి ఎవరైనా చెప్పగా విన్న మంచి మాటల్లో అదొకటి. పెద్దింటి పిల్ల, తనకు ఎవరు ఏం నూరిపోస్తే అదే నమ్మే వయసు. ఆ జాలితో మిగతా సగం చదివి చూడండి, వర్ణనలు దాటుకుంటూ అయినా సరే.

ఇక ఆ సమావేశానికి మళ్ళీ వెళ్ళాలా వద్దా. వెళ్ళి, లెక్చరర్ గారినే అడగొచ్చు: "మీరు చెప్పింది నాకు అంతగా తోచలేదండీ, ఏ చోట కనిపించిందో చూపిస్తారా?" అని. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే. చాలామంది పెద్దవాళ్ళు పేజీ తీసి చెప్పమంటే మెత్తబడతారు. పాఠం చెప్పడమే వాళ్ళ ప్రాణం. అలా జరిగితే మీకు ఒక మంచి గురువు దొరుకుతారు. ఆయన ఇంకా విసుక్కుంటే, ఆ విసుగు ఎవరిదో పదిమందికీ తెలుస్తుంది. అంత ఓపిక లేదనుకుంటే రెండు మూడు నెలలు వెళ్ళి విని వచ్చేయొచ్చు. దానివల్ల నష్టమేమిటంటే, మౌనం అలవాటైతే మళ్ళీ నోరు తెరవడం ఇప్పటికంటే కష్టమవుతుంది. మూడోది, మీ వీధిలోనో గ్రంథాలయానికి వచ్చేవాళ్ళలోనో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళతో మధ్యాహ్నం పూట విడిగా కూర్చోవడం. అక్కడ హాయిగా ఉంటుంది, కానీ అందరూ ఒకేలా ఆలోచించేవాళ్ళయితే మీ మాటకు ఎదురుండదు, పదును తగ్గుతుంది. నాకు మాత్రం మొదటి దారి మీద మనసుంది. ఆయన మాటతీరు బాగోలేదు గానీ ఆయన దగ్గర మీకు పనికొచ్చే చదువు ఉంది.

ఏ దారి పట్టినా లెక్కల పుస్తకం బీరువాలోంచి తీయండి. అది సమావేశం కోసం మొదలుపెట్టింది కాదు కదా. ఒకవైపు కాయ లెక్క, తిప్పితే శ్రీపాద వారి మాట. అది ఎవరూ దిద్దని చోటు, అలాగే ఉండనివ్వండి. ఒక్కటి మాత్రం కలపండి. ఆ పుస్తకం ఎప్పుడు, ఏ స్థితిలో చదివారో ఒక ముక్క రాయండి. ఎందుకు చెబుతున్నానో మాస్టారి నవల దగ్గర మీకే తెలుస్తుంది.

ఆ నవల మొదటి సగం కదలలేదన్నారు. అదే ఉత్తరంలో ఇంకోచోట, ఆ నెలంతా దింపు ఉండి పది నిమిషాలు చదివితే అరగంట ఎవరో ఒకరు పిలిచేవారని రాశారు. వరద అధ్యాయం మాత్రం ఒక రాత్రి అందరూ పడుకున్నాక ఏకబిగిన చదివారు. అప్పుడు కదలనిది నవలా, మీ రోజా? నాకు తెలియదు, మీరే తేల్చగలరు. వేదిక ఎక్కేముందు మొదటి అరవై డెబ్భై పేజీలు ఏకబిగిన మళ్ళీ చదవండి. రెండో చదువులోనూ ఆగిన చోటే ఆగితే అది పుస్తకం సంగతి. ఆగకపోతే మీరు మాస్టారికి ఒక పెద్ద అన్యాయం చేయకుండా తప్పించుకున్నట్టు. మొదటిసారి చదివినప్పుడు కలిగిన అభిప్రాయం విలువైనదే, కానీ అందులో మన అలసట ఎంతో, పుస్తకం లోపమెంతో వేరు చేయకుండా ఇంకొకరి ముందు పెట్టకూడదు. అదీ, పెన్షన్ డబ్బులతో అచ్చు వేయించుకున్న మనిషి ముందు.

మళ్ళీ చదివాక కూడా నచ్చలేదనుకోండి. అప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మీవారు చెప్పినట్టు బాగుందని చెప్పి వచ్చేయొచ్చు. ఆ రోజు అందరూ సంతోషిస్తారు. కానీ మాస్టారు మీకు చదవడం నేర్పిన మనిషి. మీ గొంతు ఎక్కడ నిజంగా పలుకుతుందో, ఎక్కడ అప్పజెబుతుందో ఆయనకు తెలుసు. పైగా మీ మాట విని కాపీ కొన్నవాళ్ళు నలభై పేజీలు చదివి పక్కన పడేస్తే, ఆ తర్వాత మీరు మెచ్చుకున్న మంచి పుస్తకాన్ని కూడా నమ్మరు.

మీ అమ్మాయి చెప్పినట్టు ఉన్నదున్నట్టు వేదిక మీదే చెప్పేయొచ్చు. ఆ ధైర్యం నాకు నచ్చింది, ఆ వయసులో అలా అనడమే బాగుంటుంది. కానీ ఆవిష్కరణ సభ ఎలా ఉంటుందో తలుచుకోండి. ముందు వరసలో ఆయన భార్య, కోడళ్ళు, మనవలు. మెడలో దండ, భుజాన శాలువా. ఆ సమయంలో కథానాయిక ఉపన్యాసం ఇస్తోందని చెబితే అది ఆయన చెవికి ఎక్కదు, గుండెకు గుచ్చుకుంటుంది. మీరు చెప్పిన లోపం ఎంత నిజమైనా ఆయనకు పనికిరాకుండా పోతుంది. ఊళ్ళో మిగిలేదేమిటంటే, ఫలానావిడ మాస్టారిని సభలో అవమానించింది అన్న మాటే. లెక్చరర్ గారు మిమ్మల్ని నలుగురిలో అన్నప్పుడు ఎలా ఉందో మీకు తెలుసు కదా.

ఒంట్లో బాగోలేదనో పెళ్ళి ఉందనో చెప్పి తప్పుకోవచ్చు. అది కూడా ఒక దారే, తీసిపారేయను. కానీ మాస్టారు పిలిచింది మొక్కుబడికి కాదు. మీరు రాకపోతే ఎందుకు రాలేదో ఆయన ఊహించుకుంటారు, ఊహ ఎప్పుడూ నిజం కంటే చేదుగానే ఉంటుంది. మీకేమో ఆయనకు ఎదురుపడినప్పుడల్లా ఇబ్బంది.

నాలుగోది, మీ ఉత్తరంలోనే ఉంది, మీకు కనిపించలేదు. మీకు ఇచ్చింది పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ వరద అధ్యాయానికే ఇవ్వండి. ఇందులో అబద్ధం లేదు, దాచడమూ లేదు. పుస్తకం మొత్తం మీద తీర్పు చెప్పమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మన ఊరి పాఠకురాలిగా మాట్లాడమన్నారు. ఆ పని పండితులు చేయలేరు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటిందని ఎవరైనా చెప్పగలరు. ఆ నీళ్ళు ఒక లంక పెరట్లోకి వచ్చినప్పుడు ఒక రైతు చేతిలో కత్తి ఎలా ఉంటుందో, మీ నాన్నగారిని చూసిన మీరు చెప్పగలరు. మాస్టారు ఆ ఎద్దును కట్టుకొయ్య దగ్గరికి ఎందుకు తిప్పి తెచ్చారో, చదువుతుంటే మీకు ఏం గుర్తొచ్చిందో చెప్పండి. మీ ఇంటి పశువుల్లో ఎన్ని తిరిగొచ్చాయో గుర్తుంటే అదీ చెప్పండి. పేజీ తీసి ఒక పేరా పైకి చదవండి. శ్రీపాద వారిని పైకి చదివితే ఇంకా బాగుందని కనిపెట్టిన మనిషి మీరు, మీకు నేను చెప్పాలా.

దీనిలోనూ ఒక ఇబ్బంది ఉంది, ముందే తెలుసుకోవాలి. సభ అయ్యాక మాస్టారు మిమ్మల్ని పక్కకు పిలిచి, "వరద సరే, మిగతాది ఎలా ఉందమ్మా?" అని అడుగుతారు. రాసినవాళ్ళెవరైనా అడుగుతారు. అక్కడ తడబడితే అంతవరకూ చెప్పింది కూడా మొహమాటం అనుకుంటారు. "ఒక ఆదివారం ఇంటికొస్తాను మాస్టారూ, పుస్తకం పట్టుకుని కూర్చుందాం" అనండి. వెళ్ళండి కూడా.

ఆ మిగతాది అసలు చెప్పాలా అన్న ప్రశ్న ఉంది. పుస్తకం అచ్చయిపోయింది. ఇప్పుడు లోపాలు చెబితే ఆయన మార్చగలిగేది ఏమీ లేదు. ఆయన రాయడం ఇంతటితో ఆపేస్తున్నారంటే, అడిగితే తప్ప చెప్పొద్దనే అంటాను. కానీ రెండో నవల మొదలుపెట్టానని ఆయనే ఫోన్లో చెప్పారని రాశారు. అందుకని చెప్పాలి. మీరు చెప్పకపోతే ఎవరు చెబుతారు? శాలువా కప్పినవాళ్ళు చెప్పరు, ఇంట్లోవాళ్ళు చెప్పరు. ఆయన రెండో పుస్తకంలో కూడా కథానాయిక చేత ఉపన్యాసాలే చెప్పిస్తారు.

ఎలా చెప్పాలన్నదానికి మీ దగ్గర ఇప్పటికే పద్ధతి ఉంది. బాగోలేదు అనకండి. ఎక్కడ ఏమైందో చెప్పండి. పుస్తకం అంచుల్లో పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోండి: ఇక్కడ కన్ను ఆగింది, ఇక్కడ పేజీలు తిప్పేశాను, ఇక్కడ ఏడ్చాను. ఆ గుర్తులు ఆయన ముందు పెట్టండి. "ఈ అమ్మాయి ఇక్కడ రెండు పేజీలు మాట్లాడుతోంది మాస్టారూ, కానీ నాకు వినిపించింది మీ గొంతే, క్లాసులో విన్నట్టు" అనండి. ఆయన నవ్వొచ్చు, నొచ్చుకోవచ్చు, కొన్నాళ్ళు ముభావంగా ఉండొచ్చు. పుస్తకం రాసిన మనిషికి అవన్నీ అవుతాయి, మీరు ఎంత మెత్తగా చెప్పినా అవుతాయి. కానీ వరద అధ్యాయంలో ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు కదా, రైతు కత్తి తీసుకుంటాడు, కోస్తాడు, అంతే. ఆ తేడా ఆయన పుస్తకంలోంచే ఆయనకు చూపించగలరు. బయటి సూత్రాలు ఏవీ తేనక్కర్లేదు. అలా రాయగలిగిన మనిషి మిగతాచోట్ల ఎందుకు అలా రాయలేదని అడగండి. ఆయన దగ్గర ఆ ప్రశ్నకు జవాబు ఉంటుంది, ఆ జవాబు వినాలని నాకూ ఉంది.

సభకు ముందే వెళ్ళి చెప్పేస్తే మనసు తేలికవుతుంది కదా అనిపించొచ్చు. మీ మనసు తేలికవుతుంది, ఆయన పండుగ బరువెక్కుతుంది. సభ దాకా ఆగండి.

ఇక మీవారు. ఆయన మాట చదివితే పైకి చదువు మీద చులకన ఉన్నట్టు అనిపిస్తుంది. నేను అలా అనుకోవడం లేదు. మాస్టారి తమ్ముడి తోట కాయ మీవాళ్ళే దింపుతారని ఒక్క ముక్క రాసి దాటేశారు. నా దృష్టిలో ఆయన భయమంతా అక్కడే ఉంది. కాయ ధర ఇప్పుడున్నట్టు రేపు ఉండదు, ఉన్న తోట పోతే మళ్ళీ దొరకడం మాటలు కాదు. సభలో మీ నోట ఒక మాట జారితే అన్నదమ్ములిద్దరికీ తగులుతుందని ఆయన లెక్క. ఆ లెక్క మీకూ తెలుసు, పుస్తకం మీరే రాస్తారు కదా. అందుకని "నా చదువంటే నీకు లెక్కలేదు" అన్న వైపు తగువు పోనివ్వకండి. "తోట గురించేనా నీ భయం?" అని సూటిగా అడగండి. అవునంటే, మీరు సభలో ఏం చెప్పబోతున్నారో ముందే వినిపించండి. వరద గురించి మాట్లాడతానంటే ఆయనకు అభ్యంతరం ఉంటుందని నేననుకోను. భయం తోట గురించి కాదని తేలితే, నిజంగానే నలుగురిలో మీరు మాట్లాడటం ఆయనకు ఇష్టం లేదంటే, అది వేరే సంగతి. నవంబరు లోపల ఒక్క రాత్రిలో తేలేది కాదు. అప్పుడు మళ్ళీ రాయండి, దాని గురించే విడిగా మాట్లాడుకుందాం. ఈలోపు ఆ అధ్యాయం ఆయన చేత కూడా చదివించండి. చదివే అలవాటు లేకపోతే మీరే చదివి వినిపించండి. వరద ఆయనా చూసినవారేగా.

అమ్మాయికి మాత్రం తన మాట తప్పని చెప్పకండి. ఆ నిజం చెప్పబోతున్నాననీ, చోటు మాత్రం మార్చుకున్నాననీ చెప్పండి. తనకూ ఒక కాపీ పంపండి, ఏమంటుందో చూద్దాం. వరద చూడని తరం కదా, పలుపు కోయడం అంటే ఏమిటో ఫోన్ చేసి అడుగుతుందేమో.

కాగితం చూసి చదవచ్చా అన్నారు. చదవచ్చు, చదవండి. అంతా రాసుకోకండి, మొదటి నాలుగు వాక్యాలూ చివరి రెండూ రాసుకుంటే చాలు, మధ్యలోది మీకు తెలిసిన సంగతే. పుస్తకంలోంచి చదవబోయే పేరా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో గీత పెట్టుకుని, ఇంట్లో రెండు మూడు మార్లు పైకి చదివి చూసుకోండి. ఆ ఎద్దు తిరిగొచ్చే చోట గొంతు పట్టేస్తుందని భయముంటే దానికి ఒక వాక్యం ముందే ఆపి, మిగతాది పుస్తకంలో చదువుకోండని చెప్పేయొచ్చు. ఏ పేజీ చదవబోతున్నారో మాస్టారికి ముందు రోజు ఫోన్ చేసి చెప్పండి. తర్వాత మాట్లాడే పండితులు అదే పేజీ ఎత్తుకోకుండా ఆయన చూసుకుంటారు.